చెలిమి పందిరి

వివాహం ఇద్దరు వ్యక్తులను, రెండు కుటుంబాలను కలిపే బంధమని పెద్దలు చెబుతారు. ఆ మాటలో సత్యమున్నా, అందులో ఒక వర్గం వారి ప్రస్తావన లేదు. వారే స్నేహితులు. పెండ్లి శుభలేఖలో తల్లిదండ్రుల పేర్లుంటాయి. తాతముత్తాతల పేర్లూ ఉంటాయి. చిట్టచివర 'బంధుమిత్రుల అభినందనలతో' అనే మాటలో, అదీ బంధువుల తరువాత, మిత్రులకు రవ్వంత చోటు దొరుకుతుంది. కన్యాదానంలో వారికి పని లేదు. లగ్నం నిశ్చయించేటప్పుడు వారి అభిప్రాయం అడిగేవారూ అరుదే. అయినా పెండ్లికి ముందు వచ్చే ఒక రోజు మాత్రం పూర్తిగా వారిదే. చిన్ననాటి నుండి కలసి చదువుకున్నవారు, ఒకరి కష్టసుఖాలు ఒకరు ఎరిగినవారు పెండ్లికూతురి చుట్టూనో, పెండ్లికొడుకు చుట్టూనో చేరి ఆడిపాడే రోజది. ఆ రోజును ఎలా గడపాలన్నది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని స్నేహమంటే ఏమిటో, అది దేనికి పనికివస్తుందో తేల్చేది తరచుగా ఆ రోజే.

తెలుగునాట అనేక ఇళ్లలో పెండ్లిపనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. తెలంగాణలో కొన్నిచోట్ల దీనిని పసుపు కొట్నమని పిలుస్తారు. రోలు కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, రోకలికి పసుపుకొమ్ము కట్టి, నలుగురూ కలసి కొమ్ములను దంచుతారు. ఆ తరువాత ఒక మంచిరోజు చూసి పెండ్లికూతురిని చేస్తారు. పీటమీద కూర్చుండబెట్టి, తలకు నూనె అంటి, ఒంటికి నలుగు పెట్టి, మంగళస్నానం చేయిస్తారు. కొత్తచీర కట్టి, కాళ్లకు పారాణి పూసి, బుగ్గన చుక్క దిద్ది, అక్షతలు వేసి హారతి ఇస్తారు. పెరటిలో కోసిన గోరింటాకును మెత్తగా రుబ్బి, రాత్రిపూట చేతులకు పెడతారు. అన్నిటికీ పాటలున్నాయి. నలుగు పాటలు, మంగళహారతులు, వియ్యాలవారిని ఆటపట్టించే పాటలు, చివరికి కంట తడిపెట్టించే అప్పగింతల పాటలు తరతరాలుగా స్త్రీల కంఠాలలోనే నిలిచి వస్తున్నాయి.

ఈ వేడుకలలో ఒక విశేషాన్ని గమనించాలి. వీటిలో చూసేవారు వేరు, చేసేవారు వేరు అనే భేదం లేదు. వచ్చిన ప్రతి మనిషికీ ఏదో ఒక పని ఉంటుంది. ఒకరు దంచితే ఒకరు జల్లిస్తారు. ఒకరు పాడితే ఒకరు వంత కలుపుతారు. ఒకే రోటిలో ఇద్దరి రోకళ్లు పడుతున్నప్పుడు ఒకరి లయను ఒకరు గుర్తెరిగి నడుచుకోవాలి. లేకుంటే రోకలికి రోకలి తగులుతుంది. చేతికి గోరింటాకు పెట్టుకున్న పిల్ల ఆ రాత్రి స్వయంగా అన్నం తినలేదు. పక్కనున్న నేస్తం ముద్దలు కలిపి తినిపించాలి. ముఖాన జుట్టు పడితే మరొకరు సవరించాలి. డబ్బుతో కొనదగినది అందులో బహు స్వల్పం. ఆ రోజుకు కావలసిన అసలు సరుకు మనుషుల తీరిక, మనుషుల చేతులు. పెండ్లికూతురి పక్కన తోడి పెండ్లికూతురిని, పెండ్లికొడుకు పక్కన తోడి పెండ్లికొడుకును కూర్చుండబెట్టే ఆచారం కూడా ఈ సత్యాన్నే సూచిస్తుంది. కొత్త జీవితంలోకి అడుగు పెట్టేవారు ఒంటరిగా కూర్చోరాదని, పక్కన ఈడువారు ఒకరుండాలని మన పూర్వులు భావించారు.

మన సాహిత్యంలోనూ ఈ చెలిమికి గొప్ప స్థానముంది. కాళిదాస మహాకవి రచించిన అభిజ్ఞాన శాకుంతలంలో నాలుగవ అంకం ఇందుకు ఉత్తమమైన ఉదాహరణ. అత్తవారింటికి బయలుదేరుతున్న శకుంతలను అనసూయ, ప్రియంవద అనే చెలికత్తెలు అలంకరిస్తారు. ఆశ్రమంలో పెరిగిన ఆ బాలికలు ఏనాడూ నగలు ధరించి ఎరుగరు. బొమ్మలలో చూసినదానిని గుర్తు తెచ్చుకొని, ఏ నగ ఏ అవయవానికి చెందుతుందో ఊహించుకుంటూ అలంకరిస్తారు. ఆ రోజు వస్తుందని ముందే తలచి అనసూయ ఒక పొగడదండను కొబ్బరిచిప్ప భరిణెలో పెట్టి, మామిడికొమ్మకు వేలాడదీసి దాచి ఉంచుతుంది. ఇంతకన్న చవకైన కానుక ఉండదు. ఇంతకన్న విలువైనదీ ఉండదు.

అయితే ఆ చెలికత్తెలు అలంకరణతో సరిపెట్టలేదు. మూడవ అంకంలోనే అనసూయ దుష్యంతుని నిలదీసినంత పని చేస్తుంది. రాజులకు భార్యలు అనేకులని లోకం చెప్పుకుంటున్నదనీ, తమ చెలి బంధువుల దుఃఖానికి కారణం కాకుండా చూసుకొమ్మనీ సౌమ్యంగానే అయినా స్పష్టంగా హెచ్చరిస్తుంది. దుర్వాసుడు శపించినప్పుడు ప్రియంవద పరుగెత్తి వెళ్లి, ఆయన పాదాలపై పడి, శాపానికి ఒక మినహాయింపు సంపాదిస్తుంది. రాజు గుర్తించకపోతే ఉంగరం చూపమని ప్రయాణ సమయంలో ఇద్దరూ శకుంతలకు చెబుతారు. ప్రశ్నించడం, కాపాడడం, అలంకరించడం అనే మూడు పనులనూ ఆ చెలికత్తెలు నెరవేర్చారు. నేటి నేస్తాలు ఈ మూడింటిలో చివరిదానినే పట్టుకొని, మొదటి రెండింటినీ విడిచిపెడుతున్నారా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఇటీవలి కాలంలో ఈ రోజు స్వరూపం మారింది. ఉత్తరాది నుండి వచ్చిన సంగీత్, మెహందీ, హల్దీ అనే పేర్లు తెలుగు ఇళ్లలో స్థిరపడ్డాయి. పెరటిలో జరిగే నలుగు కల్యాణమండపంలోకి చేరింది. వేదికను అలంకరించే సంస్థలు, నృత్యం నేర్పే శిక్షకులు, డ్రోన్‌తో చిత్రీకరించే ఛాయాగ్రాహకులు వచ్చారు. ఆచారాలు ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి పోవడం తప్పు కాదు. సంస్కృతి అలాగే పెరుగుతుంది. పేరు కొత్తదన్న కారణంతో దేనినీ నిరసించనవసరం లేదు. చింతించవలసినది మరొకటి ఉంది. పూర్వం చేసేవారుగా ఉన్న స్నేహితులు ఇప్పుడు చూసేవారుగా, చూపించబడేవారుగా మారిపోతున్నారు. నలుగు పెట్టే చేయి ఛాయాచిత్రం కోసం మధ్యలో ఆగుతుంది. నవ్వు సరిగా పడలేదని మళ్లీ నవ్వమంటారు. పెండ్లికూతురితో నాలుగు మాటలు మాట్లాడదామని వచ్చిన నేస్తానికి ఆమెను సమీపించే అవకాశమే దొరకదు.

ఈ మార్పు వల్ల కలిగే మరొక నష్టం బయటికి కనిపించదు. స్నేహితులందరూ ఒకే రంగు బట్టలు ధరించాలనీ, అందరూ సమానంగా చందా వేసి బహుమతి కొనాలనీ, దూరపు ఊరిలో విడిది తీసుకొని వేడుక చేసుకోవాలనీ నిర్ణయాలు జరుగుతాయి. కలిగినవారికి అది సరదా. కళాశాల రుసుము కట్టడానికే ఇబ్బందిపడే ఇంటి బిడ్డకు అది పరీక్ష. అలాంటి విద్యార్థిని "ఒంట్లో బాగులేదు" అని చెప్పి ఇంట్లోనే ఉండిపోతుంది. పదేళ్లు పక్క బల్లపై కూర్చున్న నేస్తం ఆ రోజు ఎందుకు రాలేదో పెండ్లికూతురికి ఎన్నటికీ తెలియదు. రంగు కుదిరిన ఛాయాచిత్రంలో ఒక మనిషి లోటు ఎవరికీ కనబడదు. స్నేహం పేరిట జరిగే వేడుక స్నేహితులలోనే ఉన్నవారిని, లేనివారిని విడదీస్తే, దానికి ఆ పేరు తగదు.

పెండ్లి జీవితంలో ఒక్కసారే వచ్చే శుభకార్యమనీ, ఆనాటి ఆనందానికి లెక్కలు కట్టరాదనీ కొందరు వాదిస్తారు. ఆ వాదంలో కొంత న్యాయముంది. పేదవాడు కూడా పండుగనాడు పిండివంట చేసుకుంటాడు. ఉత్సాహం లేని జీవితం ఎడారితో సమానం. కాని ఆనందాన్ని కొలిచేది ఖర్చు కాదు. పెండ్లయిన ఇరవై ఏళ్ల తరువాత ఒక గృహిణి ఆ రోజును తలచుకుంటే, వేదికకు కట్టిన పూల రంగు ఆమెకు గుర్తుండకపోవచ్చు. తెల్లవారుజాము వరకు నిద్రపోకుండా పక్కనే పడుకొని కబుర్లు చెప్పిన నేస్తం మాత్రం గుర్తుంటుంది. చేసిన అప్పుకు వడ్డీ పెరుగుతుంది. ఇచ్చిన కాలానికి ప్రేమ పెరుగుతుంది. ఈ రెండింటిలో ఏది మిగలాలో యువత ముందే ఎంచుకోవాలి.

పెండ్లికొడుకు పక్షంలోనూ ఈ రోజు పరీక్షకు గురవుతోంది. బ్రహ్మచర్యానికి వీడ్కోలు పేరిట మిత్రులు విందులు చేసుకోవడం నగరాలలోనే కాక చిన్న పట్టణాలలోనూ కనిపిస్తున్నది. నవ్వులు, పాటలు, ఆటలు ఉండవలసినవే. వాటి స్థానంలో మద్యం ప్రవేశించి, అర్ధరాత్రి వాహనాలు తీసి రహదారి ఎక్కితే, తెల్లవారితే పందిరిలో ఉండవలసినవాడు ఆసుపత్రిలో ఉంటాడు. అటువంటి వేళ మోటారుసైకిలు తాళంచెవి లాగుకొని జేబులో వేసుకునేవాడే నిజమైన నేస్తం. ఆ క్షణంలో అతడు అందరికీ చేదుగానే కనిపిస్తాడు. మరునాడు తలంబ్రాలు పోస్తున్న పెండ్లికొడుకు నవ్వులో అతనికి ప్రతిఫలం దొరుకుతుంది. మిత్రుడు కట్నం తీసుకుంటున్నాడని తెలిసినప్పుడు "ఇది తగదు" అని చెప్పగల చనువు కూడా స్నేహితునికే ఉంటుంది. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలేనని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం చెబుతున్నది. తండ్రి మాటకు ఎదురుచెప్పలేని యువకుడు స్నేహితుల ముందు సిగ్గుపడి మారిన సందర్భాలు ఉండకపోవు.

పాత ఆచారాలలోని మేలును మెచ్చుకునేటప్పుడు వాటిలోని కీడును దాచిపెట్టరాదు. పసుపు దంచడానికి, నలుగు పెట్టడానికి ముత్తైదువలనే పిలవాలన్న నియమం అనేక ఇళ్లలో ఇప్పటికీ ఉంది. భర్తను కోల్పోయిన తల్లి కన్నకూతురికి నలుగు పెట్టకుండా తలుపు చాటున నిలబడుతుంది. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న నేస్తం శుభలేఖ అందినా ముందు వరుసలోకి రాదు. పెంచిన చేయి అశుభమెలా అవుతుందో, చెలిమి చేసిన మనసు అరిష్టమెలా అవుతుందో ఎవరూ వివరించలేరు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహాన్ని జరిపించారు. బంధువులు, పొరుగువారు, పనివారు దూరమైన ఆ రోజులలో ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా వంట చేసి, నీళ్లు మోసి ఆ వివాహాలకు అండగా నిలిచారు. ఊరంతా వెలివేసిన పెండ్లిలో పొయ్యి వెలిగించిన ఆమె చేతులకన్న మంగళకరమైన చేతులు మరెక్కడుంటాయి? అంతటి పోరాటం జరిగిన నేలమీద నేటికీ ఒక తల్లి తలుపు చాటున నిలబడడం శోచనీయం. పెండ్లికూతురి నేస్తాలు ఆ తల్లి చేయిపట్టి తీసుకువచ్చి, మొదటి నలుగు ఆమె చేతనే పెట్టించగలరు. దానికి చట్టం అవసరం లేదు. ఒక్క క్షణం ధైర్యం చాలు.

ఇంతకన్న ముఖ్యమైన బాధ్యత మరొకటి స్నేహితులకు ఉంది. అది ప్రశ్నించే బాధ్యత. పెండ్లికి సిద్ధమవుతున్న మిత్రురాలు నిజంగా ఇష్టపడే చేసుకుంటున్నదా? ఆమెకు పెండ్లియీడు వచ్చిందా? ఆమె చదువు ఏమవుతుంది? ఈ ప్రశ్నలు పెద్దలకు తట్టకపోవచ్చు, తట్టినా పైకి రాకపోవచ్చు. గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకం 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. అందులో పసిపిల్ల సుబ్బిని వయసు మీరిన లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి బేరం కుదురుతుంది. ఆ బేరంలో సుబ్బి ఇష్టాయిష్టాలకు చోటే లేదు. మేనమామ కరటకశాస్త్రి ఉపాయం, మధురవాణి సహాయం లేకుంటే ఆ పిల్ల బ్రతుకు బుగ్గి అయ్యేది. నాటకంలో సుబ్బికి అండగా నిలిచేవారు దొరికారు. తరగతి గదిలో ఉన్న సుబ్బికి అండ ఎవరు?

2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం పదునెనిమిదేళ్లు నిండని బాలికకు, ఇరవై ఒక్క ఏళ్లు నిండని యువకునికి జరిగే పెండ్లి బాల్యవివాహమే. జరిపించిన పెద్దలు శిక్షార్హులు. అలా పెండ్లి జరిగిపోయినా, మైనారిటీ తీరిన తరువాత రెండేళ్లలోపు న్యాయస్థానాన్ని ఆశ్రయించి దానిని రద్దు చేయించుకునే హక్కు ఆ వధువుకు ఉంది. 1098 అనే బాలల సహాయవాణి సంఖ్యకు ఎవరైనా ఫోను చేయవచ్చు. చట్టమున్నా, అధికారులకు విషయం తెలియనిదే అది కదలదు. ఎవరికి ముందుగా తెలుస్తుంది? వేసవి సెలవులలో తరగతి నేస్తానికి నిశ్చితార్థం జరిగిందన్న కబురు ఆమె స్నేహితురాలికే మొదట అందుతుంది. పుట్టినతేదీ ఎప్పుడో, డాక్టరు కావాలన్న కల ఎంత బలమైనదో కూడా ఆ స్నేహితురాలికే తెలుసు. గోరింటాకు పెడుతూ "నీకిది ఇష్టమేనా?" అని మెల్లగా అడిగి, వచ్చిన జవాబు విని, ఒక అధ్యాపకురాలికో, నమ్మదగిన పెద్దవారికో చెప్పగలిగితే ఒక జీవితం నిలబడుతుంది. నేస్తం కోపగించుకోవచ్చు, ఆమె ఇంటివారు తలుపులు మూయవచ్చు. ఆ నష్టాన్ని భరించడానికి సిద్ధపడని స్నేహం కేవలం పరిచయమే.

పెండ్లితో స్నేహం ముగిసిపోవడం ముఖ్యంగా స్త్రీల విషయంలో కనిపించే విషాదం. పెండ్లయిన మగవాడు సాయంత్రం తన మిత్రులతో కలసి అరుగుమీద కూర్చోగలడు. పెండ్లయిన ఆడపిల్ల ఊరు మారుతుంది, ఇల్లు మారుతుంది, ఇంటిపేరూ మారుతుంది. ఆమె నేస్తాలు ఎవరో అత్తవారింట ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలన్న ఆసక్తీ ఉండదు. ఏడాది తిరిగేసరికి పలకరింపులు పండుగ శుభాకాంక్షలకు పరిమితమవుతాయి. ఆమెకు కష్టం వచ్చిననాడు పుట్టింటికి చెబితే తల్లిదండ్రులు బాధపడతారు, అత్తింట చెప్పుకోలేదు. మూడవ తలుపు ఒకటి ఉండాలి. అది స్నేహితురాలి ఇంటి తలుపు. అప్పగింతల సమయంలో తల్లిదండ్రులు కంట నీరు పెట్టుకుంటూ కూతురిని అప్పగిస్తారు. స్నేహితులు ఎవరికీ ఏమీ అప్పగించనవసరం లేదు. తమ చెలిమిని తమవద్దనే నిలుపుకొని, వారానికి ఒకసారి పలకరిస్తూ, వీలైనప్పుడు ఆమె గడపకు వెళ్లివస్తూ ఉంటే చాలు. కోడలి నేస్తాలను ఆదరించే అత్తగారు, భార్య స్నేహాన్ని గౌరవించే భర్త ఆ ఇంటి శాంతికి పునాది వేసినవారవుతారు.

పెండ్లి పందిరిని తాటాకులతో వేస్తారు, మామిడి తోరణాలతో అలంకరిస్తారు. నాలుగు రోజులకు ఆకులు ఎండిపోతాయి, రాటలు ఊడదీస్తారు. గోరింటాకు ఎరుపు కొద్దివారాలలో వెలిసిపోతుంది. ఆడిన ఆటలు, పాడిన పాటలు జ్ఞాపకాలుగా మారతాయి. ఆ తరువాత కూడా ఎండకు నీడనిచ్చే పందిరి ఒకటి ఉండాలి. అది చెలిమితో వేసినది. దానికి ఖరీదైన వేదిక అక్కరలేదు. తీరిక ఇచ్చే మనసు, పని పంచుకునే చేయి, ఎవరినీ వెలివేయని ప్రేమ, అవసరమైనచోట ప్రశ్నించే ధైర్యం అనే నాలుగు రాటలు చాలు. ప్రాణస్నేహితురాలి పెండ్లికి ముందు గడిపే ఆ ఒక్కరోజు ఈ రాటలను పాతే రోజు కావాలి.